పెట్టెలో లేని గాంధారం

సప్తమి, ఉదయం ఆటు

బోర్డు తుడిచి మళ్ళీ రాశాను. ఈ ఉప్పుగాలికి సుద్ద అంటుకోదు, అంటుకున్నా ఆగదు. రోజూ రాయాల్సిందే. మా మేళంలో పాడేవాళ్ళున్నారు, డ్రమ్ములు బిగించేవాళ్ళున్నారు, బొమ్మలు గీసేవాళ్ళున్నారు. బోర్డు రాయడానికి మాత్రం సుగుణ తప్ప ఒక్క మనిషి దొరకడు. నా రాత గుండ్రంగా ఉంటుందట. నా నడుం ఎలా ఉందో ఎవరూ అడగరు.

రాబోయే కార్యక్రమాలు:

నవమి: ఒండ్రుమట్టితో రంగులు కలపడం, ఉప్పు పంటు మీద. పాత గుడ్డలు మీరే తెచ్చుకోవాలి.

ఏకాదశి: ఆడవాళ్ళ డ్రమ్ము దరువు. చెవులు నొప్పి పుట్టేవాళ్ళు దూరంగా కూర్చోవచ్చు.

త్రయోదశి: తోలుబొమ్మలాట. తోలు లేదు, ప్లాస్టిక్ సంచులతోనే.

పౌర్ణమి, సాయంత్రం పోటు: హార్మణీ కూర్పు. అందరూ మీ మీ రీడ్లు తప్పకుండా తీసుకురావాలి.

చివరి ముక్క పెద్ద అక్షరాలతో రాశాను. కారణం అందరికీ తెలిసిందే. మొన్న లంగరు ఆఫీసు వాళ్ళ ఎగిరే మైకు మా నెత్తి మీద చాలాసేపు తిరిగి కబురు చెప్పి వెళ్ళింది. ఇక్కడ అడుగున మట్టి కొట్టుకుపోయిందట, లంగరు పట్టడం లేదట. పౌర్ణమి మర్నాడు సగం పంట్లను ఎగువకి లాగుతారు, సగాన్ని పాత రేవు వైపుకి. ఈ వెడల్పాటి పడవల్ని పంటుకి పంటు కట్టుకుని, మధ్యలో బల్లలు వేసుకుని దీన్ని ఒక ఊరు చేసుకున్నాం. ఇక రెండు ఊళ్ళవుతాం. నాది రేవు జాబితా.

ఐసు పడవ ఏసుపాదం వచ్చి బోర్డు చదువుకున్నాడు. అతను ఐసు అమ్ముతూ ప్రతి పంటు దగ్గరా ఈ కబురంతా కేకేసి చెబుతాడు. మా మేళానికి ఉన్న ప్రచారం అంతే.

"ఇదే ఆకరిదాండీ, అమ్మగోరూ?"

"ఆఖరిదని ఎవరన్నారు? ఇక్కడ ఇది ఆఖరిది, అంతే."

"ఆయ్, అదేలెండి," అని తెడ్డు వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

అష్టమి, సాయంత్రం

పొద్దంతా మంచినీళ్ళ మర జల్లెడకి పట్టిన గుల్లలు గీకుతూనే ఉన్నాను. వేళ్ళు కోసుకుపోయాయి. ఇది గీకకపోతే రేపు పంటు మొత్తానికీ ఉప్పునీళ్ళే. కళ వేరు, కడుపు వేరు.

పొద్దుగూకే వేళకి లేచి కూర్చున్నాను. రీడ్లు ఊదే వేళ అది.

పెద్ద ఉప్పెన ముందు మాకు నేల మీద ఒక హాలుండేది. వాయిద్యాలన్నీ ఒకే గదిలో, తాళం ఒకరి దగ్గరే. నీళ్ళు వచ్చిన రోజున ఆ తాళం తీసేవాళ్ళే లేరు. అన్నీ పోయాయి. తర్వాత బురదలో ఒక్క హార్మణీ పెట్టె దొరికింది. చెక్క కుళ్ళిపోయింది గానీ లోపలి ఇత్తడి రీడ్లు బతికే ఉన్నాయి. అబ్బులు బాబాయ్ ఒక తలుపు చెక్క కోసి వాటికి కొత్త పెట్టె కట్టాడు. ఆ రోజే అందరం కూర్చుని అనుకున్నాం, ఇక ఏదీ ఒకచోట ఉండకూడదు, ఏదీ ఒకరిది కాకూడదు అని. అప్పటి నుంచి రీడ్లు పెట్టెలో బిగించి వాయించుకునే ప్రతి కూర్పు అయ్యాక వాటన్నిటినీ ఊడదీసి గుడ్డసంచిలో వేస్తాం. ఇంటికొకరు వచ్చి చూడకుండా చెయ్యి పెట్టి ఒకటి తీసుకుంటారు. ఏది వస్తే అది. మళ్ళీ కూర్పు దాకా ఆ రీడు తుడిచి, నూనె రాసి, బిగుసుకుపోకుండా రోజూ సాయంత్రం ఒకసారి ఊదడం ఆ ఇంటి పని. దీన్ని పంపకం అంటాం.

అందుకే మా ఊళ్ళో పొద్దుగూకితే ఒక పంటు మీద స, ఇంకో పంటు మీద ప, ఎక్కడో దూరంగా ఒక రి. ఒకదానికొకటి పొంతన ఉండదు. అయినా అది వినకపోతే నాకు అన్నం సయించదు.

రత్నం వదిన పంటు నుంచి నడిమి గాంధారం వచ్చింది. మిగతావన్నీ గట్టిగా వస్తాయి గానీ అది మాత్రం మెత్తగా వస్తుంది. రీడు తేడా కాబోలు అనుకుంటాను.

నవమి, మధ్యాహ్నం పోటు

రంగుల పాఠానికి పిల్లలూ పెద్దలూ బాగానే వచ్చారు. ఎరుపు కుదరలేదు. ఎంత కలిపినా ఇటుక రంగే వస్తోంది. ఇటుకలు మాత్రం ఇప్పుడు ఎవరు చూశారు, అదే ఎరుపనుకోండి అన్నాను.

తిరిగొస్తూ రత్నం వదిన దగ్గర ఆగాను. పంటు అంచున కూర్చుని వల బాగుచేస్తోంది. ఆవిడ కూతురు మంగ మా మేళానికి హార్మణీ వాయించేది. కిందటి వానాకాలం జ్వరంలో పోయింది. ఎగువ నుంచి మందు పడవ వచ్చేసరికి ఆలస్యమైపోయింది. పోయినసారి పంపకంలో మంగ చేతికి వచ్చిన రీడే ఆ గాంధారం. పిల్ల పోయాక తల్లి దాన్ని సాయంత్రం పూట పలికిస్తోంది.

"వదినా, పౌర్ణమికి రీడు తెస్తావుగా?"

తల ఎత్తలేదు. "తేనమ్మా."

"తేనంటే?"

"తేనంటే తేను. తెస్తే మళ్ళీ నాకిత్తారేటి? సంచిలో ఏత్తారు. ఎవరి చేతికో ఎల్లిపోద్ది. మర్నాడు పంట్లు లాగేత్తారు. అది ఏ రేవున ఉందో కూడా నాకు తెలీదు. పిల్లనెలాగూ ఆపుకోలేపోయాను సుగుణమ్మా. దీన్నన్నా ఆపుకోనియ్యండి."

అందరి రీడ్లూ ఇవ్వాల్సిందే, అది మనం పెట్టుకున్న కట్టు అని చెప్పడానికే వెళ్ళాను. రెండు మాటలు గట్టిగా అనడానికి కూడా సిద్ధపడే వెళ్ళాను. తీరా వెళ్ళాక కాసేపు కూర్చుని, వల అంచు పట్టుకుని, ఎండ తగ్గకముందే వచ్చేశాను.

దశమి, ఉదయం ఆటు

అబ్బులు బాబాయ్‌తో చెప్పాను. ఆయన పెట్టె గాలితిత్తికి గుడ్డ అతికిస్తున్నాడు. చేతులు జిగురుతో నిండిపోయి ఉన్నాయి.

"గ లేకుండా ఏం వాయిస్తామే అమ్మాయ్? లాలిపాట కూడా రాదు."

"ఆవిణ్ణి బలవంతపెట్టను."

"పెట్టమన్నానా?"

తర్వాత ఎవరికి ముందు తట్టిందో గుర్తు లేదు, నాకే అనుకుంటాను. మనమే ఒకటి చేస్తే? ఆవిడది ఆవిడ దగ్గరే ఉంటుంది, పెట్టెకి లోటు ఉండదు, ఎవరి మనసూ నొచ్చుకోదు. బాబాయ్ ముఖం విప్పారింది. మా మేళంలో ఏ చిక్కొచ్చినా మేము చేసేది అదే. ఏది లేకపోతే అది చేసుకోవడం. డప్పు లేకపోతే డ్రమ్ము, తోలు లేకపోతే సంచి. అందుకే ఇందులో తప్పేముందో ఇద్దరికీ కనపడలేదు.

మా అత్తగారి పాత ఇత్తడి బిందె అంచు కోసి ఇచ్చాను.

ద్వాదశి, సాయంత్రం పోటు

నిన్నా ఈ రోజూ బాబాయ్ ఆ ముక్కని సుత్తితో కొట్టి కొట్టి గట్టిపరిచాడు. ఆకురాయితో కొస దగ్గర రుద్దితే స్వరం పైకెళ్ళింది, మొదట్లో రుద్దితే కిందికి దిగింది. డ్రమ్ముల దరువు జరుగుతున్నంతసేపూ మేము రెండు పంట్ల అవతల కూర్చుని చెవులు మూసుకుని అదే పనిలో ఉన్నాం. చివరికి ఈ మధ్యాహ్నం గాంధారం పలికింది. కొంచెం ముక్కుతో మాట్లాడినట్టుంది గానీ గాంధారమే.

నాకు ఎంత సంతోషమేసిందంటే పరుగున వెళ్ళి బోర్డు మీద పౌర్ణమి పక్కన రాసేశాను: రీడ్లన్నీ సిద్ధం. ఏసుపాదం అది చదువుకుని, అలవాటుగా పంటు పంటుకీ కేకేసుకుంటూ వెళ్ళాడు.

పొద్దుగూకింది. స వచ్చింది, ప వచ్చింది. రత్నం వదిన పంటు నుంచి ఏమీ రాలేదు. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను. అన్నం ముందు కూర్చున్నాను గానీ తినలేదు.

త్రయోదశి, ఉదయం

ఆవిడే వచ్చింది. నేను బోర్డు తుడుస్తున్నాను. వెనక నిలబడి అంతా చదివింది. చదవడం ఆవిడకి మంగే నేర్పింది.

"అన్నీ సిద్దమా?"

"వదినా, నీది నీ దగ్గరే ఉంచుకో. నువ్వు ఇవ్వక్కర్లేదు. బాబాయ్ బిందె ముక్కతో ఇంకోటి చేశాడు." ఆవిడ ముఖంలో నెమ్మది కనపడుతుందని చూశాను.

"అయితే మంగ లేపోయినా పెట్టె పలికేత్తదన్నమాట."

నేను తుడుపుగుడ్డ కింద పెట్టాను.

"నేను ఇయ్యనన్నాను. మీకు అక్కర్లేదన్నానా? నాలుగు మాట్లు వచ్చి అడుగుతారనుకున్నాను. పోట్లాడతారనుకున్నాను. అడిగితే దాని మాట వచ్చేది, అది ఎట్టా వాయించేదో మీరూ చెప్పేవోరు, నేనూ చెప్పేదాన్ని. బిందె ముక్క కోసి దాని చోట్లో పెట్టేశారు. నిన్న ఏసుపాదం మా పంటు ముందుకొచ్చి అరుత్తుంటే ఇన్నాను. దాని చోటు కూడా నిండిపోయిందని నాకు ఐసు పడవోడు చెప్పాలా, సుగుణమ్మా?"

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. కొంగు చివర ముడి వేసి ఉంది, ఆ ముడి పట్టుకునే మాట్లాడింది. ఆవిడ వెళ్ళిపోయాక నాకు సిగ్గేసింది. పెట్టెకి స్వరం తక్కువైందనే చూశాం గానీ, ఆవిడకి ఏం తక్కువైందో చూడలేదు.

బొమ్మలాటకి నేను వెళ్ళలేదు.

చతుర్దశి, మధ్యాహ్నం

కొత్త రీడు తీసెయ్యమని బాబాయ్‌కి చెప్పాను.

"ఆకరి రోజున పెట్టె బోసిగా వాయించమంటావా?"

"అవును."

"జనం నవ్వుతారే."

"నవ్వనీ బాబాయ్. మంగ లేదు. ఉన్నట్టు ఎందుకు వాయించాలి?"

ఆయన మరలు విప్పి ఆ ఇత్తడి ముక్కని జేబులో వేసుకున్నాడు. ఆ పిల్లకి మొదటి పాఠం చెప్పింది ఆయనే.

బోర్డు మీద "రీడ్లన్నీ సిద్ధం" తుడిచేసి ఇలా రాశాను: గాంధారం లేదు. లేకుండానే వాయిస్తాం. రండి.

ఏసుపాదం చదివి బుర్ర గోక్కున్నాడు. "ఇది కూడా కేకెయ్యమంటారాండీ?"

"వెయ్యి. రత్నం వదిన పంటు దగ్గర మాత్రం పడవ ఆపి, నెమ్మదిగా చెప్పు."

పౌర్ణమి

కూర్పు జరిగింది. ఇప్పుడు అందరూ తాళ్ళు సర్దుకుంటున్నారు, నేను ఒక మూల కూర్చుని రాస్తున్నాను.

పోటు నిండేసరికి పంట్లన్నీ దగ్గరికి జరిగాయి. ప్రతి ఇంటి నుంచీ ఒకరు రీడు పట్టుకొచ్చారు. ఎవరి రీడు వాళ్ళే బాబాయ్ చేతికిస్తే, ఆయన ఒక్కొక్కటీ బిగించాడు. గాంధారం దగ్గర ఖాళీ వదిలేశాడు. రత్నం వదిన వచ్చింది. ముందుకి రాలేదు, అన్నిటికంటే వెనక తాడు కట్టే గుంజకి ఆనుకుని నిలబడింది.

మొదటి పాట మా పడవ పాటే, పిల్లలకి కూడా వచ్చిన పాట. గ మెట్టు దగ్గరికొచ్చేసరికి స్వరం రాలేదు, ఉస్సుమని గాలి వచ్చింది. పిల్లలు నవ్వారు. బాబాయ్ ఆ మెట్టుని దాటెయ్యలేదు. వచ్చినప్పుడల్లా నిండుగా నొక్కాడు. నొక్కినప్పుడల్లా ఊపిరి. కాసేపటికి పిల్లలు కూడా నవ్వడం మానేశారు. పాడేవాళ్ళు ఆ చోటు వచ్చినప్పుడు తమంత తామే ఆగిపోవడం మొదలుపెట్టారు. ఎవరూ చెప్పలేదు. మంగ ఎక్కడ కూర్చునేదో, పాట మధ్యలో జడ వెనక్కి ఎలా విసిరేదో నాకు కళ్ళకి కట్టింది.

రెండో పాట సగంలో రత్నం వదిన జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

"ఆపు, బాబాయ్."

ఆగాడు. ఆవిడ కొంగు ముడి విప్పింది. రీడు మెరుస్తోంది, ఎక్కడా చిలుము లేదు. తన చేత్తోనే దాన్ని దాని చోట పెట్టింది. బాబాయ్ మర బిగించాడు.

"తిత్తి నేను కొడతాను," అంది వదిన. "అది వాయిత్తుంటే ప్రతి కూర్పుకీ నేనే కొట్టేదాన్ని."

పాట మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. గాంధారం పలికింది. నేను ఏడ్చాను. నా పక్కన వాళ్ళూ ఏడ్చారు. రత్నం వదిన ఏడవలేదు, పాట అయ్యేదాకా తిత్తి మీంచి చూపు తిప్పలేదు.

తర్వాత పంపకం. రీడ్లు ఊడదీస్తుంటే నేను ఆవిడ చెవిలో అన్నాను, "నీది పక్కన పెడతాను వదినా. సంచిలో వెయ్యను. ఎవరూ కాదనరు."

"ఎయ్యి. అందరియ్యీ సంచిలో ఏసి నాది దాచుకుంటే దొంగతనంలా ఉంటది. మంగ ఒప్పుకోదు."

వేశాను. ఆవిడ చేతికి బొంగురుగా పలికే మంద్రం స వచ్చింది. ఒకరి తర్వాత ఒకరు తీసుకుంటున్నారు. ఎవరు ఊదినా అందరం చెవి పెట్టి వింటున్నాం. గ రావడం లేదు. సంచి అడుగున ఇంకా కొన్నే ఉండగా నా వంతు వచ్చింది. తీసి పెదాల దగ్గర పెట్టుకుని ఊదాను.

గాంధారం. ఇంతమంది ఉండగా నా చేతికే రావాలా?

ఆవిడ వైపు చెయ్యి చాపాను. ఇచ్చేద్దామనే చాపాను, కట్టు గిట్టు అన్నీ మర్చిపోయి. ఆవిడ నా గుప్పిట మూసేసింది.

"ఊదకు," అంది.

"ఏంటి వదినా?"

"ఊదితే నోటి తడి తగిలి ఇత్తడి చిలుము పడతది. రీడు నాలిక బయటేపుకి తిప్పి పట్టుకో. పట్టుకుని లోపలికి పీల్చు. మంగ అలాగే పీల్చేది. ఎవరూ చెప్పలేదు దానికి, అదే కనిపెట్టుకుంది."

తిప్పి పట్టుకుని పీల్చాను. మెత్తగా వచ్చింది. ఇన్నాళ్ళూ ప్రతి సాయంత్రం నేను విని, రీడు తేడా అనుకున్న మెత్తదనం అదే. తల్లీ కూతురూ ఇద్దరూ అలా పీలుస్తూనే ఉన్నారు, బోర్డు రాసే నాకు ఆ సంగతే తెలియలేదు.

"అంతే," అంది వదిన. "ఇంకాస్త నెమ్మదిగా."

వెళ్ళబోతూ బాబాయ్ దగ్గర ఆగి ఆ బిందె ముక్క రీడు ఉందా అని అడిగింది. ఆయన తల వంచుకుని జేబులోంచి తీసిచ్చాడు. ఎందుకని ఆయనా అడగలేదు, ఆవిడా చెప్పలేదు. మూటలో వేసుకుంది.

పాడ్యమి, ఉదయం పోటు

తాళ్ళు కోశారు. విప్పడానికి వీల్లేనంతగా ముళ్ళు ఉప్పుపట్టి బిగిసిపోయాయి. లాగే పడవలు ఎగువ పంట్లని ముందు తీసుకెళ్ళాయి. రత్నం వదిన పంటు అంచున వల మీద కూర్చుని ఉంది. చెయ్యి ఊపాను. ఊపింది. పంట్ల మధ్య నీళ్ళు వెడల్పవుతూ పోయాయి.

బాబాయ్ పెట్టె చెక్కకి గుడ్డ చుట్టి రేవు వైపు పంటు మీద పెట్టుకున్నాడు. ఎగువ వాళ్ళకి పెట్టె లేదు. వాళ్ళ పెట్టెకి వాళ్ళ తలుపు కోసుకుంటారు.

అమావాస్య, సాయంత్రం

రేవులో లంగరు పట్టింది. ఇక్కడ నీళ్ళు నల్లగా ఉన్నాయి, గుల్లలు మరీ ఎక్కువ. ఇన్ని రోజులూ బోర్డు రాయలేదు. రాయడానికి ఏముంది? సగం రీడ్లతో ఏ పాట పాడతాం? పొద్దుగూకినప్పుడు ఇక్కడి వాళ్ళు ఊదుతారు, నేను పీలుస్తాను. ఇటు పక్కన గ ఉంది, మంద్రం స లేదు. అది ఎగువన ఉంది. రోజూ ఆ వైపుకే కూర్చుంటాను, వినపడదని తెలిసీ.

ఈ రోజు ఏసుపాదం వచ్చాడు. ఎగువ నుంచి రేవు దాకా అతను ఒక్కడే తిరుగుతున్నాడు. ఐసు సగం కరిగిపోయింది, ఇంత దూరానికి వచ్చి పడ్డామని మమ్మల్ని తిట్టుకుంటూ వచ్చాడు.

"ఎగువ వాళ్ళు ఎలా ఉన్నారయ్యా?"

"బానే ఉన్నారండీ. కానీ ఒకటుందండి, సాయంత్రం పూట అక్కడ సద్దు మారిపోయిందండి. ఒక్కరూ ఊదట్లేదు."

"మానేశారా?"

"మానెయ్యలేదండీ. పీలుత్తున్నారు. అందరూ లోపలికే పీలుత్తున్నారు. ఊరంతా మెత్తగా వినబడతందండి, నాకే అదోలాగుంది. రత్నమ్మగోరు పిల్లల్ని కూకోబెట్టి నేర్పుతున్నారు. అదేదో ముక్కుతో మాట్లాడే రీడు ఒకటుందండి ఆవిడ దగ్గర. పాడైపోయినా పర్లేదని పిల్లల చేతికి అదిత్తున్నారు."

"ఏమని నేర్పుతోంది?"

"మంగ పద్దతి అంటారండి. అక్కడ బోర్డు మీద కూడా అదే రాసుంది. మీ రాతంత బాలేదనుకోండి."

నేను చీకటి పడకముందే లేచి, మూటలోంచి సుద్ద వెతికి తీసి, కొత్త పంటు మీద బోర్డు నిలబెట్టాను. అలవాటు తప్పి అక్షరాలు వంకర పోయాయి. తుడిచి మళ్ళీ రాశాను.

రాబోయే కార్యక్రమాలు:

తదియ: సగం రీడ్లతో కూర్పు. లేని స్వరాల దగ్గర ఆగుదాం.

రోజూ పొద్దుగూకే వేళ: రీడు పీల్చడం, మంగ పద్ధతి. ఎవరైనా రావచ్చు. చేతిలో రీడు లేనివాళ్ళకి నాది ఇస్తాను.